క్రైస్తవ ఆశ్రమాలు

ఏసుక్రీస్తును సద్గురువుగా భావించి, సొంత ఆస్తి, జీతం, హోదా వదులుకుని, భారతీయ ఆశ్రమ పద్ధతిలో ఒకేచోట కలిసి బతికే చిన్న సమాజాలను క్రైస్తవ ఆశ్రమాలు అంటారు. అందరికీ ఒకే వంట, నేలమీద కూర్చుని భోజనం, శాకాహారం, ఉదయ సాయంకాలాల్లో ధ్యానం, ఒంటికి పని, వచ్చినవారికి ఆతిథ్యం వీటికి సామాన్య లక్షణాలు. ఇవి 20వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్లలో మొదలై, 1950 తర్వాత కతోలికుల్లో బలపడ్డాయి. దక్షిణాదిలో, మహారాష్ట్రలో, హిమాలయ ప్రాంతంలో ఎక్కువగా వెలిశాయి.

మఠం, మిషన్ కాంపౌండు, ఆశ్రమం

ఈ మూడింటినీ కలగాపులగం చేయకూడదు. మఠంలో చేరేవారు ఒక సభ నియమావళికి కట్టుబడి శాశ్వత వ్రతాలు తీసుకుంటారు. పాశ్చాత్య మఠాలకు 6వ శతాబ్దంలో బెనెడిక్టు రాసిన నియమావళి ఆధారం. మిషన్ కాంపౌండు వేరు. అక్కడ దొరబంగ్లా ఒక పక్క, బడి, ఆసుపత్రి ఇంకో పక్క, పనివారి ఇళ్లు వెనక వరసలో ఉంటాయి. జీతం ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అన్న తేడా గోడలోనే కట్టి ఉంటుంది. ఆశ్రమ ఉద్యమం పుట్టిందే ఈ కాంపౌండు పద్ధతి మీద అసంతృప్తితో. ఆశ్రమంలో వ్రతాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దొర మాత్రం ఉండకూడదు.

లేఖనాధారం

బైబిల్లో ఈ జీవన విధానానికి ముఖ్యంగా చూపే ఆధారం అపొస్తలుల కార్యములు 2, 4 అధ్యాయాలు. తొలి విశ్వాసులు పొలాలు, ఇళ్లు అమ్మి ఆ సొమ్మును ఉమ్మడిగా ఉంచి, ఎవరి అక్కర కొద్దీ వారికి పంచుకున్నారని అక్కడ ఉంది. ఆ వెంటనే 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరా దంపతులు అమ్మిన పొలం సొమ్ములో కొంత దాచుకున్న ఉదంతం వస్తుంది. ఉమ్మడి సొత్తు ఎంత కష్టమో ఆ గ్రంథమే దాచకుండా చెప్పిందన్నమాట. కొండమీది ప్రసంగం, ఆస్తి అమ్మి బీదలకిమ్మని ధనిక యువకుడితో ఏసు చెప్పిన సందర్భం, 13వ శతాబ్దపు అసీసీ ఫ్రాన్సిస్ దారిద్ర్య వ్రతం తరచు ప్రస్తావనకు వచ్చే ఇతర ఆధారాలు.

పూర్వరంగం

1606లో మదురై చేరిన ఇటలీ జెసూట్ రాబర్టో డి నొబిలి కాషాయం కట్టి, మాంసాహారం మాని, సన్న్యాసిగా జీవించారు. తమిళ సంస్కృతాలతోపాటు, మదురై నాయకుల ఆస్థానంలో చెల్లుబాటైన తెలుగునూ నేర్చుకున్నారు. 18వ శతాబ్దంలో పుంగనూరు మొదలైన చోట్ల పనిచేసిన ఫ్రెంచి జెసూట్లు ఇదే వేషం అనుసరించారు. అయితే వీరిది వ్యక్తిగత సన్న్యాసం. సమష్టి జీవనం కాదు.

ఆశ్రమం అన్న ఆలోచన భారతీయ క్రైస్తవుల నుంచే వచ్చింది. బెంగాలీ కతోలికుడు బ్రహ్మబాంధవ్ ఉపాధ్యాయ్ 1899లో జబల్‌పూర్ దగ్గర నర్మదా తీరాన ఒక మఠం ప్రారంభించబోగా, చర్చి అధికారులు అనుమతి నిరాకరించారు. త్రిత్వాన్ని సచ్చిదానందంగా వర్ణిస్తూ ఆయన అంతకు ముందే సంస్కృతంలో కీర్తన రాసి ఉన్నారు. మరాఠీ కవి నారాయణ్ వామన్ తిలక్ 1917లో మిషన్ ఉద్యోగం వదిలి, సతారాలో 'దేవుని దర్బారు' పేరుతో ఒక సోదర సమాజం పెట్టారు. 1919లో ఆయన మరణంతో అది ఆగిపోయింది. అప్పటికే శాంతినికేతన్, గాంధీ సబర్మతి ఆశ్రమం ఉన్నాయి. ఆశ్రమం అనే మాటకు ప్రార్థనతోపాటు స్వదేశీ, సమానత్వం అన్న అర్థాలు కూడా చేరాయి.

ఖాదీ ఆశ్రమాలు

ఈ ఆశ్రమాలను కట్టే బట్టను బట్టి ఖాదీ, కావి అని రెండు రకాలుగా విభజించడం పరిశోధకుల్లో వాడుక. మొదటి రకం ప్రొటెస్టెంట్లది. సేవ, జాతీయోద్యమ సానుభూతి, జాతి వివక్షను ఎదిరించడం వీటి ముఖ్య ధోరణులు.

వీటిలో పెద్దపేరు తిరుపత్తూరు క్రిస్తుకుల ఆశ్రమానిది. నేడు తమిళనాడులో జిల్లా కేంద్రమైన ఈ ఊరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఎస్. జేసుదాసన్ అనే తమిళుడు, ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్ అనే స్కాట్లాండ్ వాసి 1921లో దీన్ని స్థాపించారు. ఇద్దరూ వైద్యులే, ఇద్దరూ అవివాహితులే. ఆశ్రమంలో జేసుదాసన్‌ను పెరియణ్ణన్ అనీ, పేటన్‌ను చిన్నణ్ణన్ అనీ పిలిచేవారు. పెద్దన్న, చిన్నన్న అన్నమాట. తెల్లవాడు తమ్ముడి స్థానంలో ఉండటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మిషన్లలో దొరకు లోబడి ఉండే భారతీయ సహాయకుణ్ణే జనం అంతదాకా చూశారు. సభ్యులు ఖాదీ కట్టేవారు, జీతం పుచ్చుకునేవారు కారు, వైద్యశాల నడిపేవారు. ప్రార్థనాలయాన్ని ద్రావిడ ఆలయ శైలిలో కట్టుకున్నారు. 1932లో మద్రాసులో శాసనోల్లంఘనం సాగుతున్నప్పుడు ఖాదీ తొడిగి ఉన్న పేటన్‌ను పోలీసులు కొట్టారు. ఆ సంగతి బ్రిటిషు పార్లమెంటు దాకా వెళ్లింది.

ఆంగ్లికన్ గురువు జాక్ విన్‌స్లో 1922లో అహ్మద్‌నగర్‌లో క్రిస్త సేవా సంఘాన్ని ప్రారంభించారు. తర్వాత అది పుణెకు మారింది. ఇంగ్లండు నుంచి 1927లో ఇందులో చేరడానికి వచ్చిన యువకుల్లో వెరియర్ ఎల్విన్ ఒకరు. గాంధీ ప్రభావంలోకి వెళ్లి, సంఘాన్ని విడిచి, 1932లో మైకల్ కొండల్లోని గోండుల మధ్యకు చేరి, చివరికి గిరిజన జీవన పరిశోధకుడిగా ప్రసిద్ధుడయ్యారు. ఆశ్రమాలు మనుషుల్ని నిలుపుకున్నంతగానే బయటి దారులకూ పంపాయి. ఎల్విన్ కథ అందుకు ఒక ఉదాహరణ.

అమెరికన్ మెథడిస్టు ఇ. స్టాన్లీ జోన్స్ 1930లో కుమావూ కొండల్లో, నైనితాల్ దగ్గరి సాత్ తాల్‌లో వేసవి ఆశ్రమం పెట్టారు. సరస్సు, అడవి చుట్టూ ఉన్న ఆ చోటికి వివిధ సంఘాలవారు కొన్ని వారాలపాటు వచ్చి కలిసి ఉండేవారు. మరుగుదొడ్లు శుభ్రం చేసే పనివాడికి వారంలో ఒక రోజు సెలవిచ్చి, ఆ పనిని సభ్యులే చేసేవారు. ఎవరి పట్టాలు ఎన్నున్నా చీపురు వంతు తప్పేది కాదు. జోన్స్ 1940 నుంచి ఈ నమూనాను అమెరికాకు కూడా తీసుకెళ్లారు.

కావి ఆశ్రమాలు

రెండో రకం కతోలికులది. ఇక్కడ ప్రధానం ధ్యానం, సన్న్యాసం, ఉపనిషత్తులతో పరిచయం.

శాంతివనం. తమిళనాడులో కుళిత్తలై దగ్గర, కావేరి ఒడ్డున తణ్ణీర్‌పళ్లిలో ఉన్న సచ్చిదానంద ఆశ్రమానికి వాడుక పేరు ఇది. ఫ్రెంచి గురువు జూల్స్ మోన్‌శానిన్, బ్రిటనీ ప్రాంతపు బెనెడిక్టైన్ మఠవాసి అన్రీ లె సో కలిసి 1950 మార్చి 21న ప్రారంభించారు. తోటలో రెండు కుటీరాలు, కావి వస్త్రం, కాళ్లకు చెప్పులు లేని నడక, ఇదీ ఆరంభం. లె సో అభిషిక్తానంద అన్న పేరు స్వీకరించారు. 1949లో రమణ మహర్షిని దర్శించిన తర్వాత ఆయన మనసు అరుణాచలం వైపు లాగింది. అక్కడి గుహల్లో నెలల తరబడి గడిపారు. అద్వైతానుభవం, త్రిత్వ విశ్వాసం రెంటినీ ఎలా పొసగించాలో ఆయనకు జీవితాంతం తేలని ప్రశ్న. మోన్‌శానిన్ 1957లో కన్నుమూశారు. నిలకడగా ఉండే శిష్యులు దొరకలేదు. అభిషిక్తానంద క్రమంగా హిమాలయాలకు మళ్లి, 1973 డిసెంబరు 7న ఇందోర్‌లో మరణించారు. అంకెల లెక్కన చూస్తే శాంతివనపు తొలి 18 ఏళ్లు వైఫల్యమే.

1968లో బీడ్ గ్రిఫిత్స్ వచ్చాక పరిస్థితి మారింది. ఆయన 1906లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్ చదువు ముగిసిన కొత్తలో ఇద్దరు మిత్రులతో కలిసి కాట్స్‌వోల్డ్ పల్లెలో ఒక పాత ఇంట్లో, విద్యుత్తు, కుళాయి లేకుండా, ఆవుల పాలు పితికి బతికే ప్రయోగం చేశారు. అది ఏడాది కూడా సాగలేదు. కానీ యంత్ర నాగరికత మీద ఆయనకు కలిగిన అనుమానం మాత్రం పోలేదు. తర్వాత కతోలిక మతంలో చేరి బెనెడిక్టైన్ అయ్యారు, 1955లో భారతదేశం వచ్చారు. ఆయన హయాంలో శాంతివనానికి దేశవిదేశాల నుంచి సందర్శకులు పెరిగారు. 1980లలో ఆశ్రమం కమాల్‌దొలీ బెనెడిక్టైన్ శాఖలో చేరింది. బీడ్ 1993 మే 13న అక్కడే మరణించారు.

కురిసుమల. కేరళలో వాగమణ్ దగ్గరి కొండమీద 1958లో వెలసిన ఆశ్రమం. మలయాళంలో కురిసు అంటే సిలువ, మల అంటే కొండ. బెల్జియంకు చెందిన ఫ్రాన్సిస్ మహియూ, కఠిన నియమాలకు పేరుపడ్డ సిస్టర్షియన్ మఠవాసి. తర్వాత ఫ్రాన్సిస్ ఆచార్య అయ్యారు. బీడ్ గ్రిఫిత్స్ ఆయనతో కలిసి దీన్ని స్థాపించి పదేళ్లు ఇక్కడే ఉన్నారు. లాటిన్ పద్ధతి కాక కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధనాక్రమాన్ని పాటించడం దీని ప్రత్యేకత. సిరియాక్ ప్రార్థనలను ఆచార్య ఏళ్ల తరబడి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1998లో ఆశ్రమం సిస్టర్షియన్ సభలో భాగమైంది. ఆచార్య 2002లో మరణించారు.

రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత చర్చి అధికారుల వైఖరి సడలింది. నేలమీద కూర్చోవడం, చెప్పులు బయట విడవడం, హారతి, నూనె దీపం మొదలైన 12 అంశాలకు 1969లో ఆమోదం లభించింది. ఉపాధ్యాయ్‌కి 70 ఏళ్ల కిందట దొరకని అనుమతి ఇది.

ఆరాధన, దినచర్య

శాంతివనం ఆలయానికి గోపుర ద్వారం ఉంది. దానిమీద త్రిత్వాన్ని సూచించే మూడు ముఖాల మూర్తి కనిపిస్తుంది. లోపల గోడలు లేని మండపం, ఆ వెనక వెలుతురు తక్కువగా ఉండే గర్భగుడి. రోజుకు మూడు సార్లు సామూహిక ప్రార్థన జరుగుతుంది. వేదోపనిషత్తుల నుంచి, ఇతర మతగ్రంథాల నుంచి పఠనం అయ్యాక బైబిలు పఠనం, కీర్తనలు ఉంటాయి. ఉదయం ప్రార్థనలో నుదుట చందనం, మధ్యాహ్నం కుంకుమ, సాయంత్రం విభూతి పెట్టుకుంటారు. పూజలో నీరు, పువ్వులు, ధూపం, కర్పూర హారతితో నీరు, నేల, గాలి, నిప్పు అనే నాలుగు భూతాలను సమర్పించినట్లు భావిస్తారు. సూర్యోదయ, సూర్యాస్తమయాల వేళ గంటసేపు ఎవరికి వారు మౌన ధ్యానం చేస్తారు. చాలామంది నది ఒడ్డుకు వెళ్లి కూర్చుంటారు.

పొద్దుటి ఫలహారం అయ్యాక అతిథులు కూడా వరండాలో కూర్చుని మధ్యాహ్నానికి కూరగాయలు తరుగుతారు. పంక్తిలో చాపల మీద కూర్చుని చేత్తో తినడం, తిన్న పళ్లెం ఎవరిది వారే కడిగి బోర్లించడం నియమం. ప్రశ్నలతో వచ్చిన విదేశీ పట్టభద్రుడికీ, పక్క ఊరి రైతుకూ పళ్లెం ఒకటే.

భుక్తి

ఆశ్రమాలను బట్టల రంగును బట్టి కాక, పొయ్యిమీదికి బియ్యం ఎక్కడినుంచి వస్తున్నాయన్న దాన్ని బట్టి వర్గీకరిస్తే విషయం మరింత తేటపడుతుంది. క్రిస్తుకుల ఆశ్రమానికి పేటన్ కుటుంబపు ఆస్తి పెద్ద అండ. ఆ కుటుంబానిది స్కాట్లాండ్‌లో ఉన్ని నూలు పరిశ్రమ. మిల్లు సొమ్ముతో ఖాదీ ఆశ్రమం నడవడంలోని వైచిత్రి స్థాపకులకు తెలియనిది కాదు. శాంతివనం కొబ్బరి తోట, గోశాలలతోపాటు సందర్శకుల కానుకల మీద ఆధారపడింది. విదేశీ విరాళాలపై 1976 చట్టం స్థానంలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి సొమ్ము అందుకునే సంస్థలు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి.

ఇందుకు భిన్నం కురిసుమల. సిస్టర్షియన్ సంప్రదాయంలో మఠవాసి తన చేతి కష్టంతోనే బతకాలి. వారికి దొరికింది తేయాకు తోటల మధ్య 88 ఎకరాల గడ్డి కొండ. చెట్టు లేదు, గాలి ఎక్కువ, వానాకాలంలో వారాల తరబడి మంచు. వరి పండదు. గడ్డి పండుతుంది కాబట్టి ఆవుల్ని పెట్టారు. మేలుజాతి పశువుల్ని తెచ్చి స్థానిక ఆవులతో సంకరం చేశారు, పశుగ్రాసం సాగు చేశారు. దూడల్ని చుట్టుపక్కల రైతులకు ఇచ్చి, వారి పాలనూ కలిపి అమ్మే ఏర్పాటు చేశారు. తెల్లవారుజామున ప్రార్థన ముగించిన సన్న్యాసి కావి పంచె ఎగగట్టి పాకలోకి నడిచేవాడు. ఆ ప్రాంతం పాడికి పేరు తెచ్చుకోవడంలో ఈ ఆశ్రమానిది గట్టి పాత్ర. వేదాంత చర్చల్లో శాంతివనం పేరు ముందు వినిపించినా, ఇరుగుపొరుగు బతుకు మార్చిన లెక్కలో కురిసుమలనే ముందు చెప్పాలి.

ప్రకృతి

నది, కొండ, సరస్సు, అడవి. ఆశ్రమాలకు ఎంచుకున్న చోట్లు అన్నీ ఇలాంటివే. వీరి దృష్టిలో సృష్టి దేవుణ్ణి చూపే మరో గ్రంథం. ఆర్థిక సూత్రంగా ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్లినవారు తంజావూరులో పుట్టిన క్రైస్తవుడు జె.సి. కుమారప్ప. ఆయన ఏ క్రైస్తవ ఆశ్రమంలోనూ సభ్యుడు కారు. వార్ధాలో గాంధీ స్థాపించిన గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపారు. తరిగిపోయే ఖనిజాల మీద కాక, తిరిగి పుట్టే వనరుల మీద బతకాలని వాదించిన శాశ్వత ఆర్థిక వ్యవస్థ గ్రంథం, ఏసు బోధలపై మరో గ్రంథం, రెండూ 1945లో వెలువడ్డాయి. (చూ. గాంధేయ అర్థశాస్త్రం)

స్త్రీలు

తొలి ఆశ్రమాలు ఎక్కువగా బ్రహ్మచారులైన పురుషులవి. 1972లో పుణెలోని క్రిస్త ప్రేమ సేవా ఆశ్రమాన్ని ఆంగ్లికన్, కతోలిక సన్న్యాసినులు కలిసి మళ్లీ తెరిచారు. రెండు శాఖల స్త్రీలు ఒకే కప్పు కింద నివసించడం అప్పటికి కొత్త. వారిలో ఒకరైన సారా గ్రాంట్ ఇక్కడ శంకరాద్వైతంపై అధ్యయనం సాగించారు. పార్సీ కుటుంబంలో పుట్టిన వందనా మాతాజీ తర్వాత రిషీకేశ్ ప్రాంతంలో జీవనధార ఆశ్రమం స్థాపించారు. కతోలిక ఆశ్రమాల సమాఖ్య 'ఆశ్రమ ఐక్య' 1978లో ఏర్పడింది.

విమర్శలు

మూడు వైపుల నుంచి విమర్శలు వచ్చాయి. సంప్రదాయ కతోలికులు దీన్ని మత సాంకర్యం అన్నారు. హిందూ పక్షం నుంచి సీతారాం గోయల్ 1988లో ప్రచురించిన పుస్తకంలో, కావి వస్త్రం, ఓంకారం, ఆశ్రమం అన్న పేరు మతమార్పిడికి వేసుకున్న ముసుగు అని ఆరోపించారు. సర్వమత సంభాషణే తమ ధ్యేయమని, మతం మార్చడం కాదని బీడ్ తదితరులు బదులిచ్చారు. ఈ వాదం సమసిపోలేదు.

మూడో విమర్శ లోపలి నుంచి వచ్చింది, లోతైనది కూడా. భారతీయ సంస్కృతి అంటే సంస్కృతం, ఉపనిషత్తులు, సన్న్యాసమేనా అని 1980లలో బలపడిన దళిత క్రైస్తవ వేదాంతులు అడిగారు. దేశంలోని క్రైస్తవుల్లో అధిక సంఖ్యాకులు దళితులు. ఏ గర్భగుడి గడప తొక్కనివ్వక దూరం పెట్టారో, ఆ గర్భగుడినే చర్చిలో మళ్లీ కట్టి ఇది మీ వారసత్వం అంటే వారు ఎలా ఒప్పుకుంటారు? ఐచ్ఛిక దారిద్ర్యం అన్న మాట కూడా, దారిద్ర్యం ఐచ్ఛికం కానివారి చెవికి వేరుగా వినిపిస్తుంది. ఈ ప్రశ్నకు కావి ఆశ్రమాలు ఇచ్చిన సమాధానాలు తృప్తికరంగా లేవనే చెప్పాలి.

తెలుగునాట

తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు కావడం వల్ల, పై విమర్శ ఇక్కడ మరింత వర్తిస్తుంది. శాంతివనం స్థాయి ఆశ్రమం తెలుగు నేలమీద రాలేదు. ఉద్యమానికి ఆలోచన అందించినవారిలో మాత్రం ఒక తెలుగువారున్నారు. నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య (1886–1959) న్యాయవాది, పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తి. మిషన్లు తెచ్చిన చర్చి వ్యవస్థ క్రీస్తు సందేశానికి అవసరం లేదనీ, క్రీస్తు మనిషిలో కొత్త సృష్టికి నాంది అనీ ఆయన వాదం. అరవింద యోగంపైన, కుంభకోణం మాస్టర్ సి.వి.వి. యోగంపైన కూడా ఆసక్తి చూపారు. బావమరిది వరసైన వి. చక్కరై, ఎ.ఎన్. సుదరిసనంలతో కలిసి ఆశ్రమాల గత వర్తమానాలపై 1941లో మద్రాసులో ఒక సంపుటం వెలువరించారు.

ఆశ్రమం అన్న పేరు పెట్టుకోకుండానే ఆ జీవన విధానంలో సగం పాటించినది హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను. సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన భక్తసింగ్ (1903–2000) 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘాన్ని, 1950లో హెబ్రోనును స్థాపించారు. సేవకులకు నిర్ణీత జీతం లేదు, చందాలు అడగరు, వచ్చిన కానుకలతోనే ఉమ్మడి వంట. ఉపనిషత్తులు, హారతి ఇక్కడ కనిపించవు. బైబిలుకు బయటి ఏ గ్రంథాన్నీ భక్తసింగ్ ఆరాధనలోకి రానివ్వలేదు. అయినా చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవడం, తెల్లబట్టలు, గంటల తరబడి ప్రార్థన, సీయోను గీతముల గానం చూస్తే పరాయి పద్ధతి అనిపించదు. వార్షిక పరిశుద్ధ సభలకు పల్లెల నుంచి వేలమంది మూటాముల్లెతో వచ్చి, షామియానాల కింద రోజుల తరబడి ఉండేవారు. గాడిపొయ్యిల మీద గుండిగలతో అన్నం, సాంబారు వండేవారు. వరసల్లో నేలమీద కూర్చున్నవారికి వడ్డించేవారి కులం ఎవరూ అడిగేవారు కారు. (చూ. సహపంక్తి భోజనం, తెలుగు క్రైస్తవ కీర్తనలు)